చిలుకూరు చీకటి – నీహారికల ఛాయాచిత్రములు

చిలుకూరు అనగానే హైదరాబాదు సమీపమున బాలాజీ ఆలయముగల గ్రామము పలువురకు స్ఫురించును. మేము చెప్పబోవునది ఆ చిలుకూరు కాదు. ఇది సూర్యాపేట జిల్లాలో కోదాడకు దగ్గరగానున్న మండల కేంద్రము. నాగార్జునసాగర్ ఎడమకాలువ నీటితో వరి పండు ప్రాంతము.

గ్రామపంచాయతీ ఆస్తుల పట్టికలో చెరువు, కుంట, బంచరాయి, బడి ఆవరణ మున్నగునవి చేరియుండును. రాత్రివేళ ఊరిమీదనుండు చీకటి ఆ పట్టికలో ఎక్కడను కానరాదు. చీకటి కూడ ఆస్తియేనా యని సభ్యులు నవ్వవచ్చును. ఆ ఆస్తి తమకు లేక నగరములవారు దానిని వెదకికొనుచు పల్లెలకు వచ్చిన వృత్తాంతమొకటి మన రాష్ట్రములోనే జరిగినది. దానిని చెప్పుటకు ముందు, చీకటితో చేయదగిన పని యేమో తెలుపుట అవసరము.

కార్తిక మార్గశిర మాసములలో తూర్పున కృత్తికా నక్షత్రములు లేచును. మన రైతులు వానిని పిల్లలకోడి యందురు. వాని వెనుక మృగశిర మండలము వచ్చును. అందు ఒకే వరుసలోనున్న మూడు చుక్కలకు క్రిందుగా మసకగానుండు చిన్న మచ్చ కలదు. అది నక్షత్రము కాదు, నీహారిక. అనగా వాయువు, ధూళి కలిసిన మహామేఘము. దానిలో నేటికిని క్రొత్త నక్షత్రములు పుట్టుచున్నవి. అక్కడనుండి వెలుగు మనను చేరుటకు సుమారు 1,300 సంవత్సరములు పట్టును. అదే కాలమున సాయంకాలము నడినెత్తికి కొంచెము ఉత్తరముగా, ఉత్తరాభాద్రకు చేరువలో, దేవయాని మండలమున మరియొక మసక మచ్చ కనిపించును. ఇది మేఘము కాదు, మన పాలపుంత వంటి మరియొక నక్షత్రలోకము. దీనినే గెలాక్సీ యందురు. దాని వెలుగు బయలుదేరి సుమారు 25 లక్షల సంవత్సరములైనది. మంచి చీకటిగల ఊరిలో దూరదర్శిని లేకయే దీనిని చూడవచ్చును. కంటితో చూడగల వస్తువులలో మిక్కిలి దూరమైనవానిలో ఇది యొకటి.

కంటికి మచ్చగా కనిపించునది ఛాయాచిత్రములో సుడులతో, రంగులతో కనిపించుటకు కారణమేమి? కన్ను వెలుగును దాచుకొనజాలదు. క్షణక్షణమునకు వచ్చిన వెలుగును అప్పటికప్పుడు చూచి విడిచిపెట్టును. కెమెరా అట్లుకాక దానిని కూడబెట్టును. వేసవిలో ఏటి ఇసుకలో చలమ తీసినప్పుడు తీసిన వెంటనే దోసెడు నీరైనను దొరకదు. కొంతసేపు ఆగినచో కడవ నిండును. కెమెరా చేయుపనియు నిట్టిదే. అదియుగాక మందవెలుగులో కంటికి రంగులు తెలియవు. మృగశిర నీహారికలోని ఉదజని వాయువు ఎఱ్ఱని వెలుగునిచ్చుచున్నను, దూరదర్శినిలో చూచువారికి అది బూడిదరంగుగనే తోచును. ఫోటోలో మాత్రము మోదుగుపూవు ఛాయ వచ్చును.

ఈ విద్యను మొదట పెంచినవారు అందరును వృత్తిచేత శాస్త్రజ్ఞులు కారు. మృగశిర నీహారిక ఛాయాచిత్రమును 1880లో మొట్టమొదట తీసిన హెన్రీ డ్రేపర్ అమెరికాలో వైద్యుడు. 1883లో అంతకంటె ఎంతో స్పష్టమైన చిత్రము తీసిన ఆండ్రూ కామన్ ఇంగ్లండులో పారిశుద్ధ్యపు ఇంజనీరు. మురుగునీటి పారుదల ఆయన పని, ఇంటి తోటలోని దూరదర్శిని ఆయన వ్యసనము. 1888లో దేవయాని గెలాక్సీని తీసి, దానిలోని సుడులను లోకమునకు చూపిన ఐజక్ రాబర్ట్స్ ఇండ్లు కట్టించు గుత్తేదారు. ఆ మచ్చ పాలపుంతకు వెలుపలనున్న వేరొక లోకమని రుజువైనది తరువాత చాలకాలమునకు, 1923లో ఎడ్విన్ హబుల్ తీసిన ఛాయాచిత్రముల మూలముగా.

తెలుగునాట కూడ ఇంటి ఆవరణలోనే పని మొదలైనది. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతమున స్వంత వేధశాల నెలకొల్పిరి. వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడిపి, 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటుటను పరిశీలించిరి. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలోని తమ స్థలమున వేధశాలను స్థాపించిరి. 15 అంగుళముల దూరదర్శినిని ఇంగ్లండునుండి తెప్పించిరి. వారి మరణానంతరము నిజాం ప్రభుత్వము దానిని స్వీకరించి బేగంపేటకు మార్చెను. ఆకాశమంతటిని ముక్కలుగా విభజించి, పలుదేశముల వేధశాలలు ఛాయాచిత్రములు తీయవలెనని 1887లో పారిసులో నిర్ణయము జరిగియుండెను. అందొక భాగము నిజామియా వేధశాలకు వచ్చెను. గాజుపలకలపై తీసిన చిత్రములను కొలిచి, ఏడున్నర లక్షలకు పైబడిన నక్షత్రముల స్థానములను 12 సంపుటములుగా ప్రకటించిరి. ఆ వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కుమారుడే వైను బప్పు. ఆయన 1949లో అమెరికాలో విద్యార్థిగా నుండగా ఛాయాచిత్రపు పలకపై ఒక క్రొత్త తోకచుక్కను కనుగొనెను. తరువాత భారతదేశమున ఖగోళశాస్త్రమునకు పెద్దదిక్కయ్యెను.

ఇక ముందు చెప్పిన వృత్తాంతము. నగరము పెరిగినకొలది బేగంపేట ఆకాశము దీపకాంతితో తెల్లబారెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు క్రొత్త దూరదర్శినికి చీకటిగల చోటును వెదకి, ఇబ్రహీంపట్నం వైపున జపాల్, రంగాపూర్ అను రెండు పల్లెల మధ్య స్థలమును ఎంచిరి. 48 అంగుళముల దర్పణముగల దూరదర్శిని 1960ల చివర అచ్చట వెలసెను. 1980 ఫిబ్రవరి 16న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణమును అచ్చటనుండి పరిశీలించిరి. విశ్వవిద్యాలయము ఆ పల్లెలవైపు వెళ్లుటకు కారణము రోడ్డు కాదు, నీరు కాదు, చీకటియే.

ఇట్టి చీకటిలో గ్రామస్థుడొకడు స్వంత దూరదర్శినితో ఫోటో తీయదలచినచో ఏమి కావలెను? ముందుగా దూరదర్శినిని మోయు పీట. నక్షత్రములు గంటకు 15 డిగ్రీల చొప్పున పడమరకు జరుగుచుండును. కదలని కెమెరాలో చుక్కలు గీతలుగా పడును. అందుచే పీటలోని ఇరుసును ధ్రువునివైపు గురిపెట్టి, మోటారుతో ఆకాశము వెంట త్రిప్పవలెను. చిలుకూరులో ధ్రువుడు ఉత్తరదిక్కున సుమారు 17 డిగ్రీల ఎత్తులోనే యుండును. చేయి చాచి పిడికిలి పట్టినచో సుమారు పది డిగ్రీలు. అనగా నేలగీతమీద రెండు పిడికిళ్లకంటె తక్కువ. ఉత్తరమున వేపచెట్టుగాని, మేడగాని యున్నచో ధ్రువుడు కనబడడు. మన ప్రాంతమువారికిది నిజమైన చిక్కు. విదేశములలో అచ్చైన పుస్తకములు చదివి పెరటిలో పీట వేసినవారు ధ్రువుడు కానరాక విసుగుచెందుదురు. పెరడుకంటె మిద్దె మేలు. మిద్దెకంటె ఉత్తరపువైపు పొలములున్న బడి ఆవరణ మేలు.

రెండవ చిక్కు మబ్బులు. పూర్వము రాబర్ట్స్ వంటివారు ఒకే పలకను గంటలకొలది తెరచియుంచెడివారు. నడుమ మబ్బు వచ్చినచో ఆ రాత్రి శ్రమ వ్యర్థము. నేటి పద్ధతి వేరు. రెండేసి నిమిషముల చిత్రములను పదులు, వందలు తీసి, తరువాత గణకయంత్రముతో ఒకదానిపై నొకటి పేర్చి సగటు కట్టుదురు. ఒక్క చిత్రము గరుకుగా, పుప్పొడి చల్లినట్లుండును. అట్టివి నూరు కలిపినచో ఆ గరుకు పదవ వంతునకు తగ్గును. పొలము హద్దును ఒక్కమారు గొలుసుతో కొలిచినచో తప్పు రావచ్చును; పలుమారులు కొలిచి సగటు తీసినచో తప్పు సన్నగిల్లును గదా! మబ్బు పట్టిన చిత్రములను ఏరి పారవేయవచ్చును. ఈ మాసమున ఒక రాత్రి తీసినవానికి పైమాసమున తీసినవి చేర్చవచ్చును. మబ్బుల నడుమ దొరికిన అరగంటయు వృథా కాదు. 2022లో ముగ్గురు ఔత్సాహికులు పెక్కు రాత్రుల చిత్రములను ఇట్లు కూర్చి, దేవయాని గెలాక్సీ ప్రక్కన అంతవరకెవ్వరును చూడని మంద్రమైన ప్రాణవాయువు చాపమును కనుగొనిరి. వారి ఫలితము 2023 జనవరిలో ప్రకటితమైనది.

కాలనిర్ణయమునకు మన పంచాంగమే చాలును. పున్నమికి ముందు వారము, వెనుక వారము పనికిరావు. ఆషాఢమునుండి భాద్రపదమువరకు మబ్బులే యెక్కువ. మూల, పూర్వాషాఢలున్న ధనూరాశివైపు పాలపుంత నడిబొడ్డులో నీహారికలు రాసులుగా నున్నవి. కాని అవి రాత్రి పొడవున కనిపించు రోజులలో వానలు. కావున చైత్ర వైశాఖములందు తెల్లవారుజామున లేచి వానిని పట్టవలెను. మార్గశిర పుష్యములు శ్రేష్ఠమైనవి. అయితే కాలువక్రింది ఊళ్లలో ఆ మాసములలో మంచు దండిగా కురియును. మేము మొదటిసారి ఆరంగుళముల గొట్టముతో కూర్చున్నప్పుడు ఈ సంగతి తెలియదు. గంటన్నరపాటు తీసిన చిత్రములన్నియు రానురాను మసకబారుచుండగా, మబ్బు వచ్చినదేమోనని తలయెత్తి చూచితిమి. ఆకాశము నిర్మలముగనే యున్నది; అద్దముమీద మంచు పట్టినది. గొట్టమునకు చుట్టు సన్నని వేడిపట్టీ యొకటి, దానికి బ్యాటరీ యొకటి తప్పనిసరి. గుడ్డతో మాత్రము తుడువరాదు. అద్దముపై గీతలు పడును.

మూడవ చిక్కు పంచాయతీవారి చేతిలోనున్నది. వీథిదీపముల నిర్వహణ గ్రామపంచాయతీ విధులలో నొకటి. లెక్క యిది: ఆకాశపు వెలుగు రెండింతలైనచో, మంద్రమైన నీహారికను అంతే స్పష్టముగా తీయుటకు రెండింతల కాలము పట్టును, నాలుగింతలైనచో నాలుగింతలు. రెండు రాత్రులలో ముగియవలసిన పనికి ఎనిమిది రాత్రులు కావలెను. అమావాస్య చుట్టునున్న దినములలో మబ్బులేని రాత్రులు ఎనిమిది ఎన్ని నెలలకు సమకూరును? ఆ పిల్లవాని ఉత్సాహము అంతవరకు నిలుచునా?

దీపములు తీసివేయుడని మేము చెప్పుట లేదు. రాత్రి మోటారు వేయుటకు పోవు రైతుకు, పని ముగించుకొని వచ్చు స్త్రీలకు, పాముల భయమున్న సందులకు దీపము అవసరము. కాని ప్రక్కకు వాలి, సగము కాంతిని మిద్దెలమీదికి, ఆకాశములోనికి విసరు దీపమువలన దారినిపోవువానికి మేలు లేదు. కండ్లు జిగేలుమని గుంత కానరాకపోవుటయు కలదు. దీపపు ముఖమును నేలకు సమముగా త్రిప్పించి, పైన కప్పు వేయించినచో అదే వెలుతురు తక్కువ వాట్ల బల్బుతో వచ్చును. మిక్కిలి తెల్లని, నీలిఛాయగల ఎల్.ఇ.డి. వెలుగు గాలిలో ఎక్కువగా చెదరును. పసుపుఛాయ బల్బులు మేలు. లడఖులోని హాన్లే గ్రామములలో 2022లో ఏర్పడిన చీకటి ఆకాశపు సంరక్షణ ప్రాంతమున దీపములకు ముసుగులు, కిటికీలకు తెరలు వేయించిరి. గ్రామస్థులకే శిక్షణయిచ్చి, దూరదర్శినులనొసగి, వచ్చు యాత్రికులకు ఆకాశమును చూపు పని అప్పగించిరి.

మార్గశిర బహుళ ద్వాదశి రాత్రి మేము చిలుకూరు పొలిమేరలో పీట వేసితిమి. కోదాడవైపు ఆకాశపు అంచు తెల్లగా నుండెను. నడినెత్తిన మాత్రము చీకటి చిక్కగా నున్నది. కొందరు విద్యార్థులు, వారితోపాటు ఒక వృద్ధ వార్డు సభ్యులు వచ్చిరి. మృగశిర నీహారికను గొట్టములో చూచి, “పొగమంచు ముద్దలాగున్నది,” అనిరి. తరువాత మొదటి చిత్రము తెరపై ఎఱ్ఱగా విచ్చుకొనగా కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, “అయ్యా, ఇదంతా బాగానే ఉన్నది. దీనివలన పంచాయతీకి రాబడి ఏముంటది?” అని అడిగిరి.

రాబడి లేదని మేము నిజమే చెప్పితిమి. దీపములు సరిచేసినచో కరెంటు బిల్లు కొంత తగ్గవచ్చునని, ఈ పిల్లలలో ఒకరిద్దరికి చదువుమీద మనసు కుదరవచ్చునని మాత్రము చెప్పితిమి. ఆయన బడి మూలనున్న స్తంభమువైపు చూచి, ఆ దీపమునకు వేరుగా మీట ఉన్నదా యని ఒక విద్యార్థి నడిగిరి. లేదని అతడు చెప్పెను. రాబోవు సమావేశములో ఈ విషయమునెత్తెదనని ఆయన అనిరి.

పదకొండు గంటలకు తూర్పునుండి మబ్బులు క్రమ్మెను. అప్పటికి 41 చిత్రములు చేతికి వచ్చినవి. ఒక్కొక్కటి రెండు నిమిషములు. వానిలో చివరి నాలుగు చెడిపోయినవి. మిగిలిన 37 ఒక విద్యార్థి గణకయంత్రములో భద్రపరచబడియున్నవి. అవి పుష్య బహుళమున తీయబోవు చిత్రములతో చేరవలసియున్నది.