సామానుకు కావలియున్నవారు

ధ్యాన భాగములు: 1 సమూయేలు 30:9-25; 1 దినవృత్తాంతములు 23:5



అలిపిరి యొద్ద కాపురముండు మనకు ప్రతిదినము కనబడు దృశ్యమొకటి కలదు. కాలినడకను కొండనెక్కు యాత్రికులు తమ మూటలను క్రింద ఒప్పగించి చీటి పుచ్చుకొందురు. వారు 3,500కు పైగా మెట్లెక్కి పోవగా, మూటలు వాహనముపై కొండకు చేరును. ఆ మూటలను లెక్క చూచి ఎక్కించినవాని ముఖము ఎవరికి జ్ఞాపకముండును? దావీదు కథ చదువునప్పుడెల్ల ఆ చోటే నా మనస్సులో మెదలును.

అమాలేకీయులు సిక్లగును కాల్చి, స్త్రీలను పిల్లలను చెరగొనిపోగా దావీదు 600 మందితో వారిని తరిమెను. బెసోరు వాగు యొద్ద 200 మంది అలసి ఆగిపోయిరి. సామాను వారి వశమున నుండెను. గెలిచి తిరిగి వచ్చిన 400 మందిలో కొందరు, ఆగినవారికి భార్యాబిడ్డలను తప్ప మరేమియు ఇయ్యగూడదని పట్టుబట్టిరి. దావీదు ఒప్పుకొనలేదు. యుద్ధమునకు పోయినవానికిని సామాను కాచినవానికిని సమానభాగమని తీర్చి, దానిని ఇశ్రాయేలులో కట్టడగా నియమించెను. ఆ 200 మంది సోమరులు కారు, అలసినవారు; దీనిని మనము తరచుగా మరతుము.

నేనును మరచితిని. పోయిన క్రిస్మసుకు మా బడిపిల్లలచేత పాటలతో కూడిన నాటిక ఆడించితిమి. గొల్లల వేషమునకును దూతల వేషమునకును పోటీయే. గొంతు కుదరని యొక పిల్లవానికి తెరత్రాడు అప్పగించితిని. వాడు ప్రతి సాధనకు వచ్చి, ఏ చరణము చివర తెర పడవలెనో పాడువారికంటె బాగుగా నేర్చుకొనెను. ఆ రాత్రి నడుమ కరెంటు పోగా, ఒక చేత త్రాడు విడువక, రెండవ చేత టార్చి పట్టి హార్మోనియం వాయించు అమ్మాయికి వెలుగు చూపెను. పాట ఆగలేదు. ముగింపున నేను పిల్లలను వేదికపైకి పిలిచి పేరు పేరున మెచ్చుకొంటిని; వాని పేరు చెప్పలేదు. మరుసటి ఆదివారమునుండి వాడు సండేస్కూలుకు రాలేదు. "వాని పేరు కూడా చెప్పింటే ఏం పొయ్యేది అయ్యగారూ?" అని వాని తల్లి అడిగినప్పుడు నాకు జవాబు లేకపోయెను.

మన ప్రాంతపు సంగతి యొకటి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోరు మదనపల్లె థియోసాఫికల్ కళాశాలకు వచ్చి, విద్యార్థులకు జనగణమన పాడి వినిపించెను. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ గారి భార్యయైన మార్గరెట్, సంగీతము చదివిన ఐర్లండు దేశస్థురాలు, దానికి స్వరలిపి వ్రాసెను. 1950 జనవరి 24న అది జాతీయగీతమాయెను. ప్రతి బడిలో పాడుచున్నాము. కాగితము ముందు కూర్చుండిన ఆమెను ఎరిగినవారెందరు?

దావీదు దేవాలయ సేవకు ఏర్పరచిన లెక్క చూడుడి. వాద్యములతో స్తుతించువారు 4,000, ద్వారపాలకులు 4,000. పాడువారెందరో తలుపు కాయువారును అందరే, ఇద్దరి లెక్కయు ఒక్క వచనములోనే.

దేవుడు రహస్యమందు చూచునుగదా, మనము చెప్పనేల అని కొందరందురు. అది పనిచేసినవాడు తనకు తాను చెప్పుకొనదగిన మాట. చేయించుకొనినవాడు తన మరపును కప్పుకొనుటకు కాదు. పరలోకమందు దొరకునని చెప్పి దావీదు ఆ 200 మందిని పంపివేయలేదు. వారి భాగము వారికి ఇప్పించెను.

ఇప్పుడు మరల సాధన ప్రారంభమగుచున్నది. కార్యక్రమ పత్రములో పాడువారి సరసనే తెర, దీపములు, దుస్తులు చూచువారి పేర్లును అచ్చు వేయించుచున్నాము. నేను వాని యింటికి రెండుసార్లు పోయితిని. మొదటిసారి వాడు బయటికి రాలేదు. రెండవసారి గడప యొద్ద నిలిచి, తెరకు క్రొత్త త్రాడు కొన్నారా అని మాత్రము అడిగెను.