ఫోన్ సిగ్నల్స్ మన ఇమ్యూనిటీని దెబ్బతీస్తాయా? ఎలుకల ప్రయోగం ఏం తేల్చింది?

పోయిన నెల ఊరెళ్తే అమ్మ ఫోన్ వెనక గోల్డ్ కలర్ స్టిక్కర్ కనిపించింది. "యాంటీ రేడియేషన్ చిప్ రా, ఆరొందలు" అంది. అమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్. అంటే తన ఇమ్యూన్ సిస్టమే తన కీళ్లపై దాడి చేస్తోంది. వైఫై వల్లే ఇలా అవుతుందని వాట్సాప్‌లో ఎవరో పంపారట. స్టిక్కర్ అతికించాక మాత్రలు కూడా తగ్గించేసింది! అందుకే ఈ ఆర్టికల్.

ముందు బేసిక్స్

2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒక్కో ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్ట్‌లో లక్షో వంతు మాత్రమే. అణువు నుంచి ఎలక్ట్రాన్‌ని ఊడగొట్టాలంటే సుమారు 10 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. కాబట్టి ఇది ఎక్స్‌రే లాంటిది కాదు. బాగా రుజువైన ప్రభావం వేడి. శరీరం కిలోకి ఎన్ని వాట్లు పీల్చుకుంటుందో చెప్పే లెక్కే ఎస్ఏఆర్. మన దేశంలో ఫోన్లకి లిమిట్ 1.6, అదీ ఒక గ్రాము కణజాలం మీద సగటున. మీ ఫోన్‌ది చూడాలంటే *#07# డయల్ చేయండి.

వేడెక్కకుండానే ఇమ్యూనిటీ మారుతుందా?

మైక్రోవేవ్‌ల వల్ల ఎలుకల్లో సొంత కణజాలంపైనే యాంటీబాడీలు పుట్టాయని 1970లలో సోవియట్ శాస్త్రవేత్తలు చెప్పారు. తర్వాత ఫ్రాన్స్, రష్యా ల్యాబ్‌లు ఆ ప్రయోగాన్ని మళ్లీ చేశాయి. 2,450 మెగాహెర్ట్జ్, రోజుకి 7 గంటలు, వారానికి 5 రోజులు, మొత్తం 30 రోజులు. ఒళ్లంతటికీ ఎస్ఏఆర్ 0.16. సాధారణ ప్రజలకి అంతర్జాతీయ లిమిట్ 0.08, అంటే దానికి రెట్టింపు. 2009లో బోర్డో టీమ్‌కి ఏ ప్రభావమూ కనిపించలేదు. రష్యా టీమ్ మాత్రం పాత ఫలితాలు కొంతవరకు నిజమేనంది.

ఒకే ప్రయోగానికి రెండు జవాబులు వచ్చాయంటే ఇంకా పరిశోధన కావాలని అర్థం. "వైఫై వల్లే ఆర్థరైటిస్" అని మాత్రం కాదు.

మరి స్టిక్కర్?

అది నిజంగా యాంటెన్నాని అడ్డుకుంటే, టవర్‌కి అందడానికి ఫోన్ ఇంకా ఎక్కువ పవర్ వాడుతుంది! భయముంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, సిగ్నల్ వీక్‌గా ఉన్నచోట పెద్ద కాల్స్ మానండి. ఇవి ఫ్రీ.

ఇదంతా అమ్మకి చెప్పాను. స్టిక్కర్ పీకేయడానికి ఒప్పుకోలేదు, ఆరొందలు కదా! కానీ డాక్టర్ దగ్గరికి వచ్చింది, మాత్రలు మళ్లీ మొదలుపెట్టింది. కీళ్లు పాడవకుండా కాపాడేది ఆ మాత్రలే. మీ ఇంట్లోనూ ఇలాంటి స్టిక్కర్ కనిపిస్తే, ముందు మాత్రల డబ్బా చెక్ చేయండి.