కెమెరా ముందు కూర్చునే పెద్దమ్మ

చిరంజీవి చిన్నీకి,

నీ ఉత్తరం చదువుతుంటే నీ ఉత్సాహం నాకూ అంటుకుంది. కంటిలోపల ఒక్క ఫోటో తీస్తే చాలు, షుగర్ వల్ల రెటీనా దెబ్బతింటోందో లేదో కంప్యూటరే చెప్పేస్తుందనీ, ఆ పనిలోనే చేరబోతున్నాననీ రాశావు. కొత్త పరికరం గురించి ఎక్కడైనా చదివితే అదెలా పనిచేస్తుందో తెలిసేదాకా నాకు నిద్ర పట్టదని నీకు తెలుసు. కాబట్టి వద్దనడానికి రాయడం లేదు. తప్పకుండా చేరు. ఎలా చేస్తే బాగుంటుందో మాత్రం నాకు తోచింది చెప్తాను. దానికి ముందు నేను చేతులెత్తి దండం పెట్టే ఒక మనిషి గురించి చెప్పాలి.

ఎల్.వి. ప్రసాద్ గారంటే నీకు హైదరాబాద్ కంటి ఆసుపత్రి పేరే గుర్తొస్తుందేమో. మాకు ఆయన ‘షావుకారు’, ‘పెళ్ళిచేసి చూడు’, ‘మిస్సమ్మ’ తీసిన దర్శకుడు. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టారు. చిన్నప్పుడు ధ్యాసంతా నాటకాల మీద, టెంటుల్లో ఆడే బొమ్మల మీదే. బొంబాయి వెళ్ళేనాటికి మన సినిమాకి ఇంకా మాట రాలేదు. దొరికిన చిన్నాచితకా పనులు చేస్తూ ఆ స్టూడియోలనే పట్టుకుని ఉన్నారు కాబట్టి, మాట వచ్చినప్పుడు ఆయన అక్కడే ఉన్నారు. 1931లో ‘ఆలం ఆరా’, అదే ఏడాది ‘కాళిదాస్’, ఆ మరుసటేడు మన ‘భక్త ప్రహ్లాద’. హిందీ, తమిళం, తెలుగు, మూడింటి తొలి టాకీల్లోనూ ఆయన వేషం వేశారు. కొత్త యంత్రం మీద మోజుకి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? తరవాత మద్రాసులో సొంత స్టూడియో, ఫిల్మ్ ల్యాబ్ కూడా పెట్టారు.

జనం కళ్ళకి విందు చేసి సంపాదించిన డబ్బు కళ్ళకే ఇచ్చారని అందరూ మెచ్చుకుంటారు. నిజమే. నాకు అంతకన్నా గొప్పగా తోచేది ఆయన ఇచ్చిన తీరు. అమెరికా నుంచి తిరిగొచ్చిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు పెట్టదలచిన సంస్థకి ప్రసాద్ గారి కుటుంబం ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చింది. ఆసుపత్రి 1987లో మొదలైంది. ఆ డబ్బు ఒక యంత్రం కొనడంతో అయిపోలేదు. డబ్బున్నవాళ్ళు ఫీజు కడతారు, లేనివాళ్ళకి ఉచితం, వైద్యం మాత్రం ఇద్దరికీ ఒకటే. ఆ పద్ధతి నిలబడింది.

నిలబడింది కాబట్టే ఊళ్ళకీ నడిచింది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో ఒక కంటి ఆసుపత్రి వచ్చింది. ఆ తరవాత సుమారు యాభై వేల జనాభాకి ఒకటి చొప్పున కంటి పరీక్షలు చేసే విజన్ సెంటర్లు. ఆ చుట్టుపక్కల పిల్లలకే శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్లుగా కూర్చోబెట్టారు. ప్రసాద్ గారు 1994లోనే పోయారు. ఈ విజన్ సెంటర్లు ఆయన కళ్ళతో చూడలేదు. ఇచ్చినవాడు పోయాక కూడా పెరిగే దానం నాకు చాలా పెద్ద సంగతి.

అలాంటి ఒక విజన్ సెంటర్లో నేను కాసేపు కూర్చుని చూశాను. డెబ్బై దాటిన పెద్దమ్మ. టెక్నీషియన్ అమ్మాయి “గడ్డం ఇక్కడ పెట్టు పెద్దమ్మా, నుదురు ఆనించు, ఆ పచ్చ చుక్కనే చూడు” అంటోంది. ఫ్లాష్ పడగానే ఆవిడ రెప్ప వాల్చేసింది. మళ్ళీ తీద్దామంటే వెలుగుకి కంటిపాప చిన్నదైపోయింది, లైటు తీసేసి చీకట్లో ఆగాలి. ఆగి తీస్తే ఫోటో మసకగా వచ్చింది, శుక్లం ముదిరి ఉంది. ఆ అమ్మాయి విసుక్కోలేదు. చెయ్యి పట్టుకుని మాట్లాడుతూ ఇంకోటి తీసింది. ఆ చెయ్యి లేకపోతే నీ కంప్యూటర్ దాకా చేరే ఫోటోయే ఉండదు చిన్నీ.

సరైన ఫోటో దొరకడమే కష్టమన్నది నా ఒక్కడి అనుమానం కాదు. థాయిలాండ్ క్లినిక్కుల్లో ఇలాంటి పరికరమే పెట్టి చూసిన గూగుల్ వాళ్ళే 2020లో చెప్పారు. ల్యాబులో ఎంతో కచ్చితంగా పనిచేసింది, అక్కడ మాత్రం ఐదో వంతు ఫోటోలు నాణ్యత చాలవని తిప్పికొట్టింది. కొన్ని గదుల్లో సరిపడా చీకటి లేదు, కొన్నిచోట్ల ఇంటర్నెట్ నత్తనడక. ఫోటో చాలలేదంటే రోగి ఇంకో రోజు ఇంకో ఆసుపత్రికి వెళ్ళాలి. కూలి పోగొట్టుకుని వెళ్ళలేనివాళ్ళు ఏమవుతారు? తాము చూసింది దాచకుండా చెప్పినందుకు వాళ్ళంటే నాకు గౌరవం. నువ్వు ఆ పరిశోధన ముందుగా చదువు.

ఉద్యోగంలో చేరిన తొలి నెలల్లోనే అడిగి ఒక విజన్ సెంటర్‌కి వెళ్ళు. ఒక్క రోజు చూసి వచ్చేయకు, కొన్నాళ్ళుండు. గడ్డం ఆనించే బల్ల దగ్గర నువ్వే నిలబడి ఫోటోలు తియ్యి. మీ పరికరం ఎంతమందికి సరిగ్గా చెప్పిందో మీ ఆఫీసులో అందరూ లెక్కపెడతారు. నువ్వు మాత్రం అది చదవలేకపోయినవాళ్ళ లెక్క రాసుకో, ఎందుకు చదవలేకపోయిందో పక్కనే రాయి. జబ్బుందని తేలినవాళ్ళకి లేజర్ చేయించుకునే చోటు ఎంత దూరమో, బస్సు ఎన్నింటికో, తోడు ఎవరొస్తారో కూడా కనుక్కో. ఎక్కడికెళ్ళాలో చెప్పకుండా జబ్బుందని మాత్రం చెప్తే ఆ మనిషికి భయమే మిగులుతుంది. మీటింగుల్లో ఈ మాట ఎత్తడానికి మొహమాటపడకు. కొత్తగా చేరినదానివైనా సరే, నీ దగ్గర ఆ లెక్క ఉంటే వింటారు.

విజన్ సెంటర్‌కి వెళ్ళేముందు నాకొక ఫోన్ చెయ్యి. నేను చూసిన ఆ అమ్మాయి పనిచేసే చోటు చెప్తాను. మంగళవారాలు మాత్రం వద్దు, పక్క ఊళ్ళో సంత ఉంటుంది, ఆ రోజు ఆ అమ్మాయికి తలెత్తే తీరిక ఉండదు.

మీ పెద్దమామయ్య