గడుల ఆటలు

‘ఆడు’ అనే ధాతువుకు తెలుగులో ఉన్న వ్యాప్తి విశేషమైనది. నర్తకి ఆడుతుంది, ఊయల ఆడుతుంది, గానుగ ఆడుతుంది. అదే ధాతువు మాటతో కూడి ‘మాటాడు’, పోరుతో కూడి ‘పోరాడు’ అవుతుంది. పిల్లల విషయానికి వచ్చేసరికి మాత్రం లోకవ్యవహారం ‘ఆడుకొంటున్నారు’ అంటుంది. పని ఫలం కర్తకే చెందినప్పుడు క్రియకు ‘కొను’ చేరుతుందని వ్యాకరణం. ఆటకు ఫలం ఆటయే కనుక ఆ ‘కొను’ అక్కడ చక్కగా అమరింది.

ఆటలలో మైదానాన్ని కోరేవి కొన్ని, నాలుగడుగుల నేల చాలుననేవి కొన్ని. రెండవ తెగకు చెందినవి గడుల ఆటలు. నేల మీదనో, బండ మీదనో, గుడ్డ మీదనో గీసిన గీతల నడుమ కాయలను నడిపి ఆడే ఈ ఆటలను నేడు బోర్డు ఆటలు అని వ్యవహరిస్తున్నారు. వీటికి కావలసిన సామగ్రి స్వల్పం: ఒక సుద్దముక్క, నాలుగు గవ్వలు, గుప్పెడు చింతగింజలు, పగిలిన గాజుల ముక్కలు. ఎదురుగా కూర్చోవడానికి ఒక మనిషి మాత్రం తప్పనిసరి.

సాహిత్యంలో ఈ ఆటలకు మంచిపేరు లేదు. సంస్కృత ‘ద్యూతం’ తెలుగులో ‘జూదం’ అయింది. దీనికే ‘నెత్తం’ అనే అచ్చతెలుగు పేరు కూడా ఉంది. ఋగ్వేదం పదవ మండలంలోని అక్షసూక్తం జూదరి పరితాపాన్ని వర్ణిస్తుంది. భారతంలో సభాపర్వం చేసిన పని అందరికీ తెలిసినదే. అయితే విరాటపర్వంలో ధర్మరాజు కంకుభట్టనే పేరుతో విరాటుని కొలువులో చేరి, తనను రాజ్యభ్రష్టుని చేసిన ఆటతోనే రాజుకు వినోదం కూర్చిన సంగతిని పాఠకులు అంతగా పట్టించుకోరు. ఉత్తర గోగ్రహణానంతరం బృహన్నలను ప్రశంసించినందుకు విరాటుడు విసిరిన పాచిక తగిలి అతని ముఖం రక్తసిక్తమవుతుంది. ఒకే ఆట ఒక సభలో సర్వస్వాన్నీ హరించింది. మరొక సభలో ఏడాది పాటు తలదాచుకోవడానికి ఆధారమయింది. దోషం పాచికలో ఉన్నదా, పణంలో ఉన్నదా అనే ప్రశ్నకు ఈ రెండు ఘట్టాలనూ కలిపి చదివినప్పుడే సమాధానం దొరుకుతుంది.

తెలుగు పల్లెల్లో ప్రసిద్ధమైన పులిజూదాన్ని చూస్తే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. పేరులో జూదం ఉన్నదే కాని, ఇందులో పాచిక లేదు, పణం లేదు, అదృష్టానికి చోటే లేదు. పటం త్రిభుజాకారంలో ఉంటుంది. శిఖరం నుండి దిగే గీతలను అడ్డగీతలు ఖండించగా ఏర్పడే కూడళ్లే కాయల స్థానాలు. బహుళ ప్రచారంలో ఉన్న పటంలో ఇవి 23. ఒకరి వంతుకు 3 పులులు, మరొకరి వంతుకు 15 మేకలు. మేకలు ఒక్కొక్కటిగా పటం మీదికి దిగుతాయి. అన్నీ దిగేవరకు వాటికి కదిలే హక్కు లేదు. పులి పక్క కూడలికి నడవవచ్చు. లేదా పక్కనున్న మేక మీదుగా అదే గీతలో ఆవలి ఖాళీ చోటికి దూకి ఆ మేకను చంపవచ్చు. మేకకు చంపే శక్తి లేదు. అయినా మూడు పులులకూ కాలు కదిపే చోటు లేకుండా కట్టివేసినప్పుడు గెలుపు మేకలదే అవుతుంది.

బలాలు సమానంగా లేని ఇద్దరికి గెలుపు అవకాశం మాత్రం ఇద్దరికీ ఉండేట్లు ఆటను కూర్చడం సులభం కాదు. చదరంగంలో ఇరుపక్షాల సేనలూ ఒక్కటే; దాడి ఆటలో ఇరువురికీ తొమ్మిదేసి కాయలు. పులిజూదంలో ఆకలి ఒకరిది, ఐకమత్యం మరొకరిది. మేక బలం దాని వెనుక ఖాళీ లేకపోవడంలో ఉంది. తోడు లేకుండా ముందుకు వచ్చిన మేక పులి నోట పడుతుంది. ఒక గీతలో వెనువెంట నిలిచిన రెండు మేకల మీదుగా పులి దూకలేదు. ఆరంభంలో నాలుగైదు మేకలను పోగొట్టుకొన్న ఆటగాడు నిరాశపడి తొందరపడితే ఓటమి నిశ్చయం. నేపాలు దేశంలో ఇటువంటిదే ‘బాగ్‌చాల్’ అనే ఆట ఉంది. అక్కడ 25 కూడళ్లు, 4 పులులు, 20 మేకలు. హంపీ శిథిలాలలో మండపాల నేల మీద, రాతి అరుగుల మీద ఇలాంటి పటాలు చెక్కి ఉన్నాయి. విజయనగర వైభవాన్ని చూడవచ్చిన యాత్రికులలో చాలామంది స్తంభాల శిల్పాన్ని తలయెత్తి చూస్తారే కాని, కాలికింది ఈ గీతలను గమనించరు.

అష్టాచెమ్మ దీనికి భిన్నమైనది. అయిదు వరుసలలో అయిదేసి గడులు. మధ్యగడికి, నాలుగు వైపుల నడిమి గడులకు అడ్డగీతల గుర్తు ఉంటుంది. ఆ గుర్తున్న గడిలోని కాయను చంపరాదు. నాలుగు గవ్వలు వేసినప్పుడు ఎన్ని వెల్లకిల పడితే అంత పందెం. నాలుగూ వెల్లకిల పడితే చమ్మ, నాలుగూ బోర్లపడితే అష్ట. కాయ వెలుపలి గడులను చుట్టి, లోపలి చుట్టును దాటి, మధ్యగడికి చేరితే ‘పండింది’ అంటారు. కాయ పండు కావడమే విజయమని చెప్పిన ఆ పలుకుబడిలో వ్యవసాయదారుని హృదయం కనిపిస్తుంది. కనీసం ఒక ఎదుటి కాయనైనా చంపనిదే లోపలి చుట్టుకు ప్రవేశం లేదనే నియమం ఆటకు వేడి పుట్టిస్తుంది. గవ్వలలో గణితమూ ఉన్నది. ఒక్కొక్క గవ్వకు రెండు వైపులా సమాన అవకాశం ఉన్నదనుకొంటే, నాలుగు గవ్వలు పడే తీరులు 16. వాటిలో రెండు పందెం పడే తీరులు 6. ఒకటికి, మూడుకు నాలుగేసి. చమ్మకు ఒకటి, అష్టకు ఒకటి. కాని గవ్వ నాణెం కాదు. దాని వీపు ఉబ్బెత్తు, నోరు చదును. అందువల్ల ఏ గవ్వల జత స్వభావం ఆ జతదే. ఇంట్లో పెద్దవారు తమ గవ్వలను మరొకరికి ఇవ్వకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు!

పచ్చీసు దీనికి పెద్దన్న వంటిది. ఫతేపూర్ సిక్రీలో అక్బరు ప్రాసాద ప్రాంగణపు రాతినేల మీద పచ్చీసు పటం నేటికీ కనిపిస్తుంది. కాయలకు బదులు మనుషులనే నిలిపి ఆడించేవారని చెప్పుకొంటారు. ఈ ఆటయే సముద్రాలు దాటి, గవ్వలకు బదులు ఘనాకారపు పాచికను ధరించి, 1896లో ఇంగ్లండులో లూడో పేరుతో పేటెంటు పొందింది. పిమ్మట అదే లూడో అట్టపెట్టెలో మన అంగళ్లకు తిరిగివచ్చింది. వైకుంఠపాళికీ ఇదే గతి పట్టింది. పుణ్యపాపాల పేర్లు గల గడులతో, పైవరుసలలో పొంచియుండే అరుకాసురుని వంటి పెద్దపాములతో జీవాత్మ ప్రయాణాన్ని చూపిన పరమపదసోపాన పటం, విదేశానికి వెళ్లి నూరు అంకెల పాములు నిచ్చెనల ఆటగా మారింది. గడులలోని పేర్లు పోయి అంకెలు మాత్రమే మిగలడం వల్ల ఆటకు వేగం వచ్చిన మాట నిజమే. అర్థం పోయిన మాట కూడా నిజమే.

ఇరవయ్యవ శతాబ్దపు చివరి భాగంలో గడుల ఆటలకు కొత్త జీవం పోసిన దేశం జర్మనీ. అక్కడ 1979 నుండి ప్రతి సంవత్సరం ఉత్తమమైన ఆటకు ‘ష్పీల్ డెస్ యారెస్’ అనే పురస్కారం ఇస్తున్నారు. ‘ఈ సంవత్సరపు ఆట’ అని దాని అర్థం. ఎస్సెన్ నగరంలో 1983 నుండి ఆటల సంత జరుగుతున్నది. గ్రంథానికి రచయిత పేరు ఉన్నట్లే పెట్టె మీద ఆటను కల్పించినవారి పేరు అచ్చువేయడం అక్కడి ఆచారం. క్లౌస్ టాయిబర్ అనే దంతవైద్య సాంకేతిక నిపుణుడు 1995లో వెలువరించిన ‘కటాన్’ ఆ సంవత్సరమే పురస్కారం పొంది ప్రపంచమంతటా వ్యాపించింది. 19 షట్కోణపు పలకలను కలిపి ఒక ద్వీపాన్ని నిర్మించడంతో ఈ ఆట మొదలవుతుంది. పలకల అమరిక ప్రతిసారీ మారుతుంది. కలప, మట్టి, ఉన్ని, ధాన్యం, లోహం అనే అయిదు సంపదలను ఆ నేల ఇస్తుంది. రెండు పాచికల మొత్తం ఎంత పడితే ఆ అంకె గల పలక పండుతుంది. ఏ ఒక్కరికీ అన్ని సంపదలూ సమృద్ధిగా దొరకవు. అందువల్ల ‘నాకు ఉన్ని ఇస్తే నీకు మట్టి ఇస్తాను’ అని బేరమాడక తప్పదు. మాటలాడనివాడు ఈ ఆట గెలవలేడు.

ఈ కొత్త తరహా ఆటల ప్రధాన గుణం ఆటగాణ్ణి నడుమనే వెళ్లగొట్టకపోవడం. దీనికి భిన్నమైనది మొనోపలీ. ఎలిజబెత్ మేగీ అనే అమెరికా వనిత భూస్వామ్యపు గుత్తాధిపత్యం ఎంత అనర్థమో చూపడానికి ఒక ఆటను కల్పించి 1904లో పేటెంటు పొందింది. దాని నుండి రూపొందిన మొనోపలీని 1935లో పార్కర్ బ్రదర్స్ సంస్థ విడుదల చేసింది. గుత్తాధిపత్యాన్ని నిరసించడానికి పుట్టిన ఆట దానినే గెలుపుగా కీర్తించే ఆటగా ప్రసిద్ధికెక్కడం చరిత్రలోని వైపరీత్యం. అందులో దివాలా తీసినవాడు మిగిలినవారి ఆటను చూస్తూ కూర్చోవలసిందే. 2008లో వచ్చిన ‘పాండెమిక్’ ఇంకొక మెట్టు పైకి వెళ్లింది. ఇందులో ఆటగాళ్లందరూ ఒకే పక్షం. నాలుగు మహమ్మారులు ఎదుటి పక్షం. గెలిస్తే అందరూ గెలుస్తారు, లేదా అందరూ ఓడుతారు.

ఇటీవలి కాలంలో హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాలలో యువతీయువకులు వారాంతాలలో కలిసి ఈ ఆటలు ఆడుతున్నారు. వీటి కోసమే నడిచే కేఫ్‌లు కూడా వెలిశాయి. ఇలాంటి మిత్రబృందాలలో పుస్తకాల వలె ఆటలను సేకరించేవారు ఒకరిద్దరు తప్పక ఉంటారు. బీరువా నిండా పెట్టెలు, వాటిలో విప్పనివి కొన్ని! పుస్తకాలు కొని చదవనివారి వంటివారే వీరు కూడా. అందుకు వారిని నిందించనక్కరలేదు. అయితే బృందానికి ప్రాణం పెట్టెల సొంతదారు కాదు, నియమాలను ముందుగా చదివి వచ్చి, తెలియనివారికి విసుగు లేకుండా వివరించే వ్యక్తి. ఒక ఆట నియమావళి ఇరవై పుటలు ఉండవచ్చు. దానిని పది నిమిషాలలో నలుగురికి అర్థమయ్యేట్లు చెప్పడం అధ్యాపకవృత్తికి తగిన విద్య. కొత్తగా వచ్చినవానికి మొదటి ఆటలో తప్పులను సరిదిద్దుకొనే వెసులుబాటు ఇవ్వడం, తొండి లేకుండా ఆడటం, ఓడినప్పుడు పటాన్ని చెదరగొట్టకుండా ఉండటం ఇటువంటి కూటాల అలిఖిత మర్యాదలు.

నియమాలు అచ్చులో ఉండటం వల్ల ఈ విదేశీ ఆటలకు కలిగిన రక్షణ మన ఆటలకు లేదు. చాలా ఇండ్ల అటకల మీద వామనగుంటల పీటలు ఉన్నాయి. రెండు వరుసలు, వరుసకు ఏడు గుంటలు. పీట ఉన్నది, గింజలు దొరుకుతాయి. గుంటకు ఎన్ని గింజలు వేయాలో, చేతిలోని గింజలు అయిపోయిన తరువాత ఏ గుంట నుండి తీయాలో, ఏ గింజలు ఎవరికి చెందుతాయో చెప్పే అమ్మమ్మ లేదు. గింజలను చేతితో తడిమి, లెక్కించకుండానే ‘ఇందులో తొమ్మిది’ అనగల నేర్పు ఆమెతోనే పోయింది. నియమాలు తెలియని పీట కేవలం కట్టెముక్క.

ఇది మనకే పరిమితమైన నష్టం కాదు. ఇరాక్ దేశంలోని ఊర్ నగరపు రాజసమాధులలో లియొనార్డ్ వూలీ 1920లలో జరిపిన తవ్వకాలలో 20 గడుల పటాలు బయటపడ్డాయి. అవి సుమారు 4,500 ఏండ్లనాటివి. ఆడే విధానం మాత్రం ఎవరికీ తెలియలేదు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న, క్రీ.పూ. 177 నాటి ఒక బాబిలోనియా మట్టిపలకలో ఆ ఆటకు సంబంధించిన నియమాలు ఉన్నట్లు ఇర్వింగ్ ఫింకెల్ అనే పండితుడు 1980లలో గుర్తించాడు. పిమ్మట 20 గడుల పటం మీద తన బాల్యంలో ఆడుకొన్న ఒక వృద్ధురాలు కూడా ఆయనకు తారసపడింది. ఆమె కొచ్చి నగరంలో పుట్టి ఇజ్రాయెల్‌లో స్థిరపడిన యూదు మహిళ. సమాధిలోని పటం పలుకని మాటను ఒక మట్టిపలక, ఒక వృద్ధురాలి జ్ఞాపకం పలికాయి.

మన ప్రాంతంలో ఈ దిశగా కృషి జరగలేదని కాదు. సురవరం ప్రతాపరెడ్డి తమ ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ప్రజల ఆటలకూ చోటిచ్చారు. కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో పొందిన ఆ గ్రంథం తెలుగులో ఆ గౌరవం అందుకొన్న మొదటిది. పొరుగున మైసూరులో మూడవ కృష్ణరాజ ఒడయారు (1794–1868), 1831లో పాలనాధికారం ఆంగ్లేయుల చేతికి పోయిన తరువాత, చదరంగంలోనూ గడుల ఆటలలోనూ కొత్త కల్పనలు చేసి చిత్రాలతో వ్రాయించాడు. అందువల్లనే అక్కడి ఆటలను పునరుద్ధరించాలనుకొన్నవారికి ఆధారం దొరికింది.

నియమాలను వ్రాసేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. ఒక ఇంట్లో అష్ట పడితే మరొక పందెం ఉంటుంది. ఆ పందేలు వరుసగా మూడుసార్లు పడితే అన్నీ చెల్లవంటారు మరొక ఇంట్లో. ఒకే గడిలో ఒకే పక్షపు రెండు కాయలు ఉంటే వాటిని చంపవచ్చునా అనే విషయంలో వీధికొక మాట వినిపిస్తుంది. వీటిలో ఏది సరియైనదని నిర్ణయించబూనడం పొరపాటు. తాళపత్రాలను పరిష్కరించే పండితుడు పాఠాంతరాలను కొట్టివేయడు. ఏ ప్రతిలో ఏ పాఠం ఉన్నదో పేర్కొంటాడు. ఆటల విషయంలోనూ ఏ ఊరు, ఎవరి నోట విన్నది, ఎన్ని కాయలు, ఎన్ని గవ్వలు, వివాదం వస్తే తీర్పు ఎలా చెప్పేవారు అనే వివరాలతో ఒక్కొక్క పాఠాన్ని విడిగా వ్రాసి ఉంచాలి. అందుకు ఉత్తమమైన మార్గం పెద్దవారిని ప్రశ్నించడం కాదు, వారితో కూర్చుని ఆడటం. ‘నియమాలు చెప్పండి’ అంటే జ్ఞాపకం రానివి ఎన్నో, ఎదుటివాడు తప్పుగా కాయ నడిపినప్పుడు ‘అది తొండి!’ అని వారి నోట వెంటనే వస్తాయి.

అభ్యాసం

1. విరాటపర్వంలోని ద్యూతానికీ, సభాపర్వంలోని ద్యూతానికీ గల భేదాన్ని వివరించండి.

2. పులిజూదంలో మేకల బలం ఎందులో ఉన్నది? పటం గీసి చూపండి.

3. ‘నియమాలు తెలియని పీట కేవలం కట్టెముక్క’ అనే వాక్యాన్ని ఊర్ పటం వృత్తాంతంతో సమన్వయించండి.

4. మీ ఇంటిలోగాని, ఊరిలోగాని పెద్దవారితో ఒక గడుల ఆట ఆడి, దాని నియమాలను పాఠాంతరాలతో సహా వ్రాయండి.