తెరపై నింపెడి పత్రములు – సభ్యుల బాధ్యత

పూర్వము దరఖాస్తు అనగా అచ్చు కాగితమే. నేడు అదే పత్రము కంప్యూటరు తెరపై కానవచ్చుచున్నది. 1993లో అడోబి సంస్థ వెలువరించిన పీ.డీ.ఎఫ్. అను పత్రరూపము 2008లో అంతర్జాతీయ ప్రమాణమైనది. ఇందు నింపుటకు వీలగు ఖాళీ గడులను ఏర్పరచవచ్చును. తేదీ గడిలో తేదీ తప్ప వేరొకటి చేరకుండునట్లును, బిల్లు మొత్తము తనంతట తానే లెక్కకు వచ్చునట్లును అమర్చవచ్చును. వర్తకులు బిల్లులకు, ఒప్పందములకు దీనిని వాడుచున్నారు.

అయితే గడిలోని అంకె నిజమా కాదా యని యంత్రము చెప్పజాలదు. 10 బస్తాల సిమెంటు వచ్చినచోట 20 అని వ్రాసినను గడి స్వీకరించును. సరుకుతో సరిచూడవలసినవారు సభ్యులే.

సంతకము విషయమున మరింత జాగరూకత వలయును. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము ఎలక్ట్రానిక్ పత్రములకును, డిజిటల్ సంతకమునకును గుర్తింపు నొసగినది. ఈ సంతకమైన పిదప పత్రములో ఒక్క అక్షరము మార్చినను పరీక్షలో బయటపడును. కాని టోకెనును, పిన్ నెంబరును పరుల చేతికిచ్చినచో, వారు చేసిన సంతకము మీరు చేసినట్లే కనబడును. సంతకపు తాళమును తన అధీనమందుంచుకొనుట సంతకదారుని విధి యని ఆ చట్టము 42వ సెక్షను చెప్పుచున్నది. అది చేజారినచో, ధ్రువపత్రమిచ్చిన సంస్థకు ఆలస్యము చేయక తెలుపవలెను.

కావున చదువక సంతకము చేయరాదు; టోకెనును ఇతరులకు ఈయరాదు. గ్రామ ధనమునకు అదియే కాపు.