ఇంటర్ పిల్లల ఎంట్రన్సు: ఉద్యోగాలు చేసే అమ్మానాన్నల వంతు పని

ఎంట్రన్సుకు చదవాల్సింది పిల్లలు. దరఖాస్తులు, సర్టిఫికెట్లు, గడువుల భారం మాత్రం పెద్దవాళ్లే మోయాలి. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో వెనకబడేది ఈ పనే. సెకండియర్‌లో దసరా అయ్యాక చూద్దాంలే అనుకుంటే ఊపిరాడదు. 2025, 2026 జేఈఈ మెయిన్ జనవరి విడతలకు దరఖాస్తులు అక్టోబరు చివర్లో మొదలై నవంబరులోనే ముగిశాయి. అందుకే ఫస్టియర్ పరీక్షలు అయిన వేసవిలోనే పని మొదలుపెట్టండి.

ముందుగా పదో తరగతి మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంటిపేరు ఒకదానిలో పొడి అక్షరంగా, మరోదానిలో పూర్తిగా ఉండటం మన దగ్గర మామూలే. పుట్టిన తేదీ తేడా అయితే ఇంకా చిక్కు. సరిచేయించడానికి వేసవి అనువైన సమయం.

ఎక్కువ జాగ్రత్త కావాల్సింది కులం, ఆదాయం సర్టిఫికెట్ల దగ్గర. రాష్ట్ర కౌన్సెలింగుకు పనికొచ్చే బీసీ సర్టిఫికెట్ ఐఐటీ, ఎన్‌ఐటీల ఓబీసీ కోటాకు చాలదు. కేంద్రం నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి. రాష్ట్ర బీసీ జాబితాలోని కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు, అదీ చూసుకోండి. నాన్ క్రీమీలేయర్ ఆదాయ పరిమితి 8 లక్షలు, మా జీతం అది దాటింది కదా, మాకెక్కడిస్తారు అని అడగడమే మానేసే ప్రభుత్వోద్యోగులున్నారు. పిల్లల హక్కును అలా చేజేతులా వదులుకోకండి. ప్రభుత్వోద్యోగుల విషయంలో చూసేది ప్రధానంగా ఏ హోదా పోస్టులో ఉన్నారన్నది. జీతం, వ్యవసాయ ఆదాయం ఆ 8 లక్షల లెక్కలో కలపరు. రిజర్వేషన్ లేని కులాల్లోని పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ లెక్క వేరు. అక్కడ జీతం, పొలం, వ్యాపారం అన్నీ కలిపి 8 లక్షల లోపే ఉండాలి. ఈ రెండు సర్టిఫికెట్లూ జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి జారీ అయినవే అడుగుతారు. ఏప్రిల్ మొదటి వారంలో తహసీల్దారు ఆఫీసు కోసం సెలవు అట్టిపెట్టుకోండి.

బదిలీల ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు ఇంకో మాట. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లన్నీ ఒక ఫైలులో ఉండాలి. కౌన్సెలింగులో స్థానికత తేల్చేది అవే. బడి మారిన రోజునే అడిగి తీసుకుంటే తర్వాత ఊరు దాటి పరుగెత్తే పని ఉండదు.

ఎంట్రన్సు ధ్యాసలో ఇంటర్‌ను పక్కన పెట్టనివ్వకండి. ఆంధ్రప్రదేశ్ ఎప్‌సెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. తెలంగాణ దాన్ని తీసేసింది. కానీ ఎన్‌ఐటీలో సీటు కావాలంటే ఎక్కడివాళ్లకైనా ఇంటర్‌లో 75 శాతం రావాలి, లేదా తమ బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం చాలు.

జేఈఈ మెయిన్‌లో మీ పిల్లల పరీక్ష ఏ రోజన్నది కొద్దిరోజుల ముందే తెలుస్తుంది. జనవరి చివరి పది రోజుల్లో మీ ఇద్దరిలో ఒకరికి ఏ రోజైనా సెలవు దొరికేలా ఆఫీసులో డిసెంబరులోనే మాట్లాడి పెట్టుకోండి.