విజిటేషన్ ఆర్డర్ తప్పినప్పుడు...



విడిగా ఉంటున్న దంపతుల్లో "ఆదివారం బాబును పంపలేదు", "చెప్పిన టైముకు పాపను దింపలేదు" అన్న గొడవలు ఒక్కోసారి స్కూల్ గేటు దాకా వస్తాయి. ఎవరి వైపు వెళ్లాలో తెలియక పిల్లలు మా వెనక నిలబడిపోతారు.

ఫ్యామిలీ కోర్టు ఆర్డర్‌ను ఒకరు పాటించకపోతే, రెండోవారు దాన్ని అమలు చేయించమని అదే కోర్టులో పిటిషన్ వేయవచ్చు. కావాలనే ఉల్లంఘిస్తే అది కోర్టు ధిక్కారం కూడా కావచ్చు. పిల్లలకు జ్వరమో, పరీక్షో ఉంటే ముందే మెసేజ్ పెట్టి, ఇంకో రోజు ఇవ్వండి. ఆర్డర్ కుదరడం లేదా? మార్చమని కోర్టునే అడగండి. హిందూ వివాహ చట్టం సెక్షన్ 26 అందుకు వీలిస్తుంది. భరణం రాలేదని బిడ్డను ఆపకండి, దానికి దారి వేరే ఉంది.

తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందడం పిల్లల హక్కని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కలవలేని రోజుల్లో ఫోన్, వీడియో కాల్ కూడా ముఖ్యమేనంది.

ఆర్డర్ కాపీ ఒకటి స్కూల్ ఆఫీసులో ఇవ్వండి. "అక్కడ నా గురించి ఏమన్నారు?" అని పిల్లల్ని అడగకండి. సోమవారం ఉదయం వాళ్లకు హోంవర్క్ బెంగ ఒక్కటే ఉండాలి.

మీ పిల్లల ఇంగ్లీష్ టీచర్